బోరు పడనోళ్ల సాక్ష్యం

"మన ప్రయత్నం ఆగిపోయిన చోటే దేవుని పని మొదలవుతుంది." ఈ మాట వినని తెలుగు క్రైస్తవుడు ఉండడు. చర్చి క్యాలెండర్ మీద ఉంటుంది, ఆటో వెనక అద్దం మీద ఉంటుంది, పొద్దున్నే వచ్చే వాట్సాప్ స్టేటస్‌లో గులాబీ పువ్వు పక్కన ఉంటుంది. బైబిల్లో మాత్రం ఉండదు. మొన్న దేవరకొండ వైపు ఒక ఉపవాస కూడికకు వెళ్తే ప్రసంగీకుడు దీన్నే తిప్పి తిప్పి చెప్పాడు. చెప్పినప్పుడల్లా జనం "ఆమెన్" అన్నారు. నేనూ అలవాటుగా అనబోయాను. నా ముందు వరసలో మా చిన్నాయన కూర్చున్నాడు. ఆయన అనలేదు. తల వంచుకొని పాటల పుస్తకం అట్టను గోటితో గీకుతున్నాడు.

అప్పటి నుంచి ఈ మాట గురించే ఆలోచిస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా తిట్టుకోవచ్చు. కష్టపడి, చేయగలిగిందంతా చేసి, చివరికి ఓడిపోయిన మనిషికి మన చర్చిలు ధైర్యం చెప్తున్నాం అనుకుంటూ నిజానికి ఇంకో గెలుపును అప్పుగా ఇస్తున్నాయి. ఆ గెలుపు రాకపోతే వడ్డీతో సహా ఆ మనిషే కట్టుకోవాలి. క్రీస్తు ఇచ్చే ఆదరణ ఇది కాదని నా నమ్మకం. ఆయన ఇచ్చేది ఇంతకన్నా తక్కువగా కనిపిస్తుంది, ఇంతకన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇంకో వంద

చిన్నాయనది మర్రిగూడ వైపు. ఆయనకు బత్తాయి తోట ఉండేది. బత్తాయి అంటే మా నల్లగొండ జిల్లాలో పంట మాత్రమే కాదు, పరువు. పెళ్లి సంబంధాల్లో కూడా "తోట ఉంది" అని ఒక మాట చెప్పుకుంటారు. పత్తి ఎండితే ఆ ఏడు పోతుంది. బత్తాయి ఎండితే చెట్టు పెట్టిన నాటి నుంచి కాపు వచ్చేదాకా మోసిన ఏళ్లన్నీ పోతాయి. అందుకే తోట ఉన్న రైతు బోరు మీద బోరు వేస్తాడు. ముషంపల్లిలో మనుషులకన్నా బోర్లే ఎక్కువ అనే మాట ఊరికే పుట్టలేదు.

ఒక రాత్రి నేను అక్కడే ఉన్నాను. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గు బండి. పగలు ఇంకెక్కడో వేసి, మా దగ్గరికి వచ్చేసరికి చీకటి పడింది. పాయింటు చూపించింది అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని పొలమంతా తిరిగిన ఒక పెద్దమనిషి. అదే పాయింటు మీద మోకరించి ప్రార్థన చేసింది మా చర్చి అయ్యగారు. ఇద్దరికీ చిన్నాయన ఒకే గ్లాసుల్లో టీ పోయించాడు. అప్పట్లో నాకు నవ్వొచ్చింది.

రిగ్గు మొదలయ్యాక నవ్వేందుకు ఏమీ లేదు. మొదట ఎర్రమట్టి లేచింది, తర్వాత బూడిద రంగు పొడి. బోరు వేయించిన ఇంటివాళ్లు రిగ్గు వైపు చూడరు, ఆ పొడి వైపే చూస్తారు. తడి తగిలితే పొడి ముద్దవుతుంది. చిన్నమ్మ పైటకొంగు ముక్కుకు అడ్డం కట్టుకొని, లేస్తున్న దుమ్ములోకి చెయ్యి చాపి, పిడికెడు పట్టుకొని, నొక్కి, వేళ్లు తెరిచి చూసేది. పొడి వేళ్ల సందుల్లోంచి జారిపోయేది. కొంచెంసేపటికి మళ్లీ చాపేది. మూడు వందలు దాటాక రిగ్గు ఆపి, వచ్చీరాని తెలుగులో డ్రిల్లరు అడిగాడు: "అన్నా, ఇంకో వంద?" లోతుకు పోయేకొద్దీ ఫీటు రేటు పెరుగుతుంది. అయినా ఆ టైములో కాదు అనగలిగే రైతును నేను చూడలేదు. ఇంత దిగాక ఆగితే పెట్టింది మొత్తం పోయినట్టే కదా, ఇంకో వందలో పడితే అన్నీ వచ్చినట్టే కదా. చిన్నాయన తల ఊపాడు. ఆ వంద అయ్యాక మళ్లీ ఊపాడు. తెల్లారేసరికి దగ్గర్లో ఉన్న బత్తాయి చెట్ల ఆకులన్నీ తెల్లగా ఉన్నాయి. నీళ్లు పడలేదు.

ఆ ఆదివారం చర్చిలో ఆయనకు చాలామంది ధైర్యం చెప్పారు. అందరి మాటల సారం ఒకటే: నీ ప్రయత్నం అయిపోయింది, ఇక దేవుడు చేస్తాడు, ఇంతకన్నా గొప్పది సిద్ధంగా పెట్టాడు. చిన్నాయన ఆ మాటను పట్టుకున్నాడు. పట్టుకొని ఏం చేశాడు? మళ్లీ అప్పు తెచ్చి మళ్లీ బోరు వేశాడు. దేవుడు చేస్తాడంటే ఏదో ఒక చోట నుంచి చెయ్యాలి కదా, ఆ చోటు నేను ఇంకా తవ్వలేదేమో అనుకున్నాడు. నాకు ఈ సంగతి అర్థమయ్యాక ఒళ్లు జలదరించింది. మనం చెప్పిన ఓదార్పు కూడా డ్రిల్లరు అడిగిన "ఇంకో వంద?" లాగే పనిచేసింది. ఇంకొంచెం విశ్వాసం, ఇంకొంచెం ఉపవాసం, ఇంకో వంద ఫీట్లు. పడకపోతే తప్పు భూమిది కాదు, బండిది కాదు, నీ నమ్మకానిది.

ఆ వాక్యంలో దాక్కున్న ముల్లు ఇదే. ప్రయత్నం ఆగిన చోట దేవుని పని మొదలవ్వాలి. మొదలుకాలేదు. అయితే ఏమిటి అర్థం? ప్రయత్నం ఇంకా పూర్తికాలేదనైనా అనుకోవాలి, దేవుడు నన్ను పట్టించుకోలేదనైనా అనుకోవాలి. మొదటిదానికి అప్పు, రెండోదానికి పురుగుల మందు. మా జిల్లాలో ఈ రెండో దారి ఎంత దగ్గరిదో నేను చెప్పనక్కర్లేదు.

మైకు ఎవరి చేతికి

మన చర్చిల్లో సాక్ష్యాల సమయం ఒకటి ఉంటుంది. నాకు చాలా ఇష్టమైన భాగం. ప్రసంగం నిద్రపుచ్చినా సాక్ష్యం నిద్రపుచ్చదు. కానీ ఇన్నేళ్లుగా వింటున్నవాణ్ణి కనుక ఒకటి గమనించాను. మైకు దగ్గరికి వచ్చేవాళ్లందరూ గెలిచినవాళ్లే. బోరు పడ్డవాళ్లు, పాపకు సీటు వచ్చినవాళ్లు, వీసా స్టాంపింగ్ అయినవాళ్లు, స్కానింగ్‌లో గడ్డ కనిపించనివాళ్లు. పడనివాళ్లు, రానివాళ్లు, గడ్డ ఉన్నవాళ్లు వెనక బెంచీల్లో కూర్చొని చప్పట్లు కొడతారు. సాక్ష్యం వాళ్ల దగ్గర లేదని కాదు. వాళ్ల సాక్ష్యానికి ముగింపు రాలేదు కాబట్టి మనం పిలవం.

పోనీ బైబిల్ ఇలాగే ఉందా అంటే, లేదు. రాత్రంతా వల వేసినా ఏమీ పడని పేతురు కథ తీసుకోండి. లూకా 5వ అధ్యాయం. మా వైపు ఇది బోరు ప్రసంగాలకు స్టాండర్డ్ వాక్యం. "రాత్రి అంతయు మేము ప్రయాసపడితిమి గాని మాకేమియు దొరకలేదు" అని చదివి, దోనెలు మునిగేంత చేపలు పడ్డాయి, నీకూ పడతాయి అని ముగిస్తారు. ఇంకో నాలుగు వచనాలు చదవరు. ఆ చేపలు ఏమయ్యాయి? ఒడ్డు మీదే ఉన్నాయి. పేతురు, అతనితో ఉన్నవాళ్లు దోనెలను దరికి చేర్చి, అన్నీ అక్కడే విడిచిపెట్టి ఆయన వెంట వెళ్లిపోయారు. జీవితంలో పడ్డ అతి పెద్ద వల, అమ్ముకోకుండా వదిలేశారు. చేపలే అసలు ఆశీర్వాదం అయితే ఈ కథ ఇలా ముగియదు. చేపలు పడకముందు, ఖాళీ వలలు కడుక్కుంటున్నప్పుడే ఆయన వచ్చి అతని దోనె ఎక్కి కూర్చున్నాడు. నాకు ఆ కథలో ఆదరణ అక్కడే కనిపిస్తుంది.

పౌలు సంగతి మరీ సూటిగా ఉంటుంది. శరీరంలో ఒక ముల్లు, తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. తీయలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. ఈ వాక్యాన్ని మనం ఫ్రేము కట్టించి పెళ్లి కానుకగా ఇస్తాం. అది ఒక విన్నపం తిరస్కరణకు గురైనప్పుడు వచ్చిన జవాబు అని ఎవరికీ గుర్తుండదు. పౌలు గనక మా చర్చికి వస్తే, "అన్నా, ముల్లు పోయినంక వచ్చి సాక్ష్యం చెప్పు" అని కూర్చోబెడతామేమో.

నల్లగొండ నీళ్లు

ఈ ఆలోచనలు మా స్కూల్లో సోషల్ చెప్పే మిత్రుడితో పంచుకుంటే ఆయన ఒక నవ్వు నవ్వాడు. వాళ్ల తాత సాయుధ పోరాటంలో తిరిగినవాడు. ఇంట్లో దేవుడి పటం కూడా ఉండదు. "సార్, మీ పాస్టర్‌ది తప్పుడు ఓదార్పు, మీది మంచి ఓదార్పు, అంతేగా తేడా? రెండింటితోనూ కాలువ రాదు. నీళ్లెందుకు రాలేదని అడగాల్సినోన్ని అడగకుండా పండబెట్టే పని రెండూ చేస్తయి" అన్నాడు.

ఈ దెబ్బ గట్టిదే. దీన్ని పక్కకు నెట్టేసి ముందుకు వెళ్లలేను. సాగర్‌కు శంకుస్థాపన జరిగింది 1955 డిసెంబర్ 10న. డ్యామ్ మా జిల్లా గుమ్మంలోనే ఉంది. ఎడమ కాలువ మిర్యాలగూడ వైపు పారింది. ఎత్తు మీద ఉన్న దేవరకొండ, మునుగోడు, మర్రిగూడ వైపు పారలేదు. మా వాళ్లు భూమిలోంచి తోడుకున్నారు, ఆ నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం అని చెప్పే లెక్కను ఎన్నో రెట్లు దాటిన బావులు మా దగ్గర ఉండేవి. ఎముకలు వంగిపోయాయి. మోకాళ్లు, నడుములు, మెడలు. ఒకసారి వంగిన ఎముకను ఏ మందూ తిన్నగా చేయలేదు, ఏ నూనె ప్రార్థనా చేయలేదు. స్వస్థత కూడికలకు బండ్లు కట్టుకొని వెళ్లొచ్చిన మా పెద్దమ్మలు, తాతలు వంగే ఉన్నారు, వంగే పోయారు.

మరి కొత్త పిల్లల ఎముకలు ఎందుకు వంగడం లేదు? కృష్ణ నీళ్లు పైపుల్లో వచ్చాయి కాబట్టి. మనుషులు అడిగారు, ధర్నాలు చేశారు, వంగిన పిల్లల్ని ఢిల్లీ దాకా తీసుకెళ్లి చూపించారు. అంతకుముందు 1970లలో నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టి, దానికి మా జిల్లా పేరే పెట్టారు. నల్లగొండ టెక్నిక్. ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటారు. మా ఊళ్లలో మాత్రం రోజూ పటిక ఎవరు కలపాలి, అడుగున మిగిలిన మడ్డిని ఎక్కడ పారబోయాలి అనే దగ్గర చాలాచోట్ల ఆగిపోయింది. ఒక ప్రయత్నం ఓడింది, ఇంకోటి గెలిచింది. ఇందులో మనిషి ప్రయత్నం ఎక్కడ ఆగింది, దేవుని పని ఎక్కడ మొదలైంది? నాకు గీత కనిపించదు. పైపు వేసిన కూలీ చెయ్యి దేవుని పనిలో లేదని ఎలా అంటాను?

కీర్తనలు 127 కూడా ఈ గీత గియ్యదని నా చదువు. యెహోవా ఇల్లు కట్టించకపోతే కట్టేవాళ్ల ప్రయాస వ్యర్థం అంటుంది. కట్టడం మానెయ్యమనదు. కావలివాణ్ణి ఇంటికి పోయి పడుకోమనదు. నెహెమ్యా కాలంలో గోడ కట్టినవాళ్లు ప్రార్థన చేశారు, రాత్రింబగళ్లు కాపలా కూడా పెట్టారు. కాబట్టి మిత్రుడు అన్న మాటలో నాకు ఒప్పుదల ఉంది: అడగాల్సినవాళ్లను అడగడం మాన్పించే ఓదార్పు పనికిరాదు. ఒప్పుకోనిది ఒకటే. అడిగి, పోరాడి, సాధించిన తర్వాత కూడా ఓటమి మిగులుతుంది. నీళ్లు వచ్చాయి, మా పెద్దమ్మ నడుము రాలేదు. ఆమెకు ఏ ధర్నా ఏం చెప్తుంది? అక్కడ మిత్రుడి దగ్గర మాట లేదు. నా దగ్గరా తేలిగ్గా లేదు, కానీ వెతకాల్సింది అక్కడే అని నాకనిపిస్తుంది.

2025 ఫిబ్రవరి 22 సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం. 43.9 కిలోమీటర్లు, పైన అమ్రాబాద్ పులుల అడవి కనుక మధ్యలో ఎక్కడా దిగే దారి లేదు, రెండు కొసల నుంచే తవ్వుకుంటూ రావాలి. ఎవరి కోసం? మా మెట్ట పొలాల కోసం, మా ఫ్లోరైడ్ ఊళ్ల కోసం. దోమలపెంట వైపు నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలింది. ఎనిమిది మంది లోపల ఉండిపోయారు. ఝార్ఖండ్, పంజాబ్, ఉత్తరప్రదేశ్, జమ్మూ కశ్మీర్ నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చినవాళ్లు. ఒకప్పుడు దేశంలో డ్యాములన్నీ పాలమూరు కూలీలు కట్టారు అనేవాళ్లం, ఇప్పుడు మన నీళ్ల కోసం వేరే రాష్ట్రాల పిల్లలు వచ్చారు. సైన్యం వచ్చింది, నేవీ వచ్చింది, సింగరేణి వాళ్లు, ర్యాట్ హోల్ మైనర్లు, కేరళ నుంచి పోలీసు కుక్కలు. బురద, ఊట నీరు, ముక్కలైన మిషను. ఆ రోజుల్లో మా చర్చిలో ప్రతి కూడికలోనూ ఆ ఎనిమిది మంది కోసం ప్రార్థన జరిగింది. పిల్లలు కూడా చేశారు. ఇద్దరి మృతదేహాలు మాత్రం బయటికి వచ్చాయి.

మనిషి ప్రయత్నం నిజంగా ఆగిపోయిన చోటు అంటే అదీ. ఆ సొరంగం మూతి దగ్గర నిలబడ్డ భార్యకో తండ్రికో క్యాలెండర్ మీది వాక్యం వినిపించగల ప్రసంగీకుడు ఎవరైనా ఉంటే నాకు చూపించండి. అక్కడ చెప్పలేని మాటను దేవరకొండలో మైకు పెట్టి చెప్పకూడదని నా వాదన.

చావింటి బువ్వ

ఇప్పుడు అసలు చిక్కు. నేను ఇంత ఎగిరిపడుతున్నా, మా చిన్నమ్మకు ఆ వాక్యం ఇష్టం. ఇంట్లో టీవీ పైన అదే క్యాలెండర్ వేలాడుతుంది. నేను ఏదో అనబోతే, "నువ్వు నెలకు జీతం తీసుకునేటోనివి బిడ్డా, నీకు సగం దేవుడు చాలు. మాకు మొత్తం దేవుడు గావాలె" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఒకటో తారీకున ఫోనుకు మెసేజ్ వచ్చేవాడు, ఏ ఆసరా లేని మనిషి చేతిలో ఉన్న ఒక్క మాటను "థియాలజీ బాగాలేదు" అని లాక్కోవడం ఏం న్యాయం?

అందుకని ఆమెనే అడిగాను. ఆ రోజు నీకు నిజంగా ధైర్యం ఇచ్చింది ఏమిటి చిన్నమ్మా, ఆ వాక్యమేనా? ఆమె కొంచెంసేపు బియ్యంలో రాళ్లు ఏరుతూ ఊరుకుంది. తర్వాత చెప్పింది నేను చూసిందే, కానీ నేను లెక్కలోకి తీసుకోనిది.

బోరు పడకుండా పోయిన మరుసటి రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఎవరూ ఎవరితో మాట్లాడటం లేదు. మధ్యాహ్నం వేళకు మా చర్చి పెద్దమ్మ ఒకామె వచ్చింది. ఫ్లోరైడ్‌తో నడుము, మెడ బిగుసుకుపోయి, పక్కకు చూడాలంటే మనిషంతా తిరిగి చూసేది. చంకలో టిఫిన్ గిన్నె, ఇంకో చేత కర్ర. మా వైపు చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, చుట్టాలో పక్కింటివాళ్లో వండుకొస్తారు. ఆమె అదే పని చేసింది. చిన్నమ్మకు కోపం వచ్చింది. "ఎవ్వరు సచ్చిండ్రని బువ్వ తెచ్చినవ్?" అని గయ్యిమంది. పెద్దమ్మ గిన్నె మూత తీస్తూ, "చెట్లు సచ్చినయ్ గద బిడ్డా, తిను" అంది. అన్నం, పప్పుచారు, ఒక ఉల్లిగడ్డ. ప్రార్థన చెయ్యలేదు, వాక్యం చెప్పలేదు. చిన్నాయన కూడా వచ్చి కూర్చున్నాడు. తిన్నారు. తిన్నాకే చిన్నమ్మ ఏడ్చిందట, అంతవరకు కన్నీళ్లు రాలేదట.

"గా పూట గామె రాకుంటే మీ చిన్నాయన ఏం జేసేటోడో" అని ఆపేసింది. ఆ వాక్యం పూర్తి చేయాల్సిన అవసరం మా ఇద్దరికీ లేదు.

ఏలీయా కథ నాకు అప్పుడు కొత్తగా కనిపించింది. అంతకుముందే కర్మెలు కొండ మీద గెలిచిన ప్రవక్త, ఒక బెదిరింపుకు పారిపోయి, చెట్టు కింద పడి, చాలు, నా ప్రాణం తీసుకో అంటాడు. దేవుని దూత వచ్చి అతనికి విశ్వాసం గురించి క్లాసు పీకలేదు. కర్మెలు గుర్తుచేయలేదు. తట్టి లేపి తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్లు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. పడుకోనిచ్చి, మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది" అంటాడు దూత. నీ శక్తి చాలదు అని ఒప్పుకుంటూనే తిండి పెట్టిన దేవుడు. ప్రయాణం తగ్గించలేదు కూడా. "ఏలీయా, ఇక్కడేం చేస్తున్నావు?" అనే ప్రశ్న వచ్చింది చాలా తర్వాత, హోరేబు కొండ దగ్గర.

తోట బతకలేదు. చెట్లు కొట్టేసి కట్టెలకు అమ్మారు. చిన్నాయన కొన్నాళ్లు హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా చేసి, అప్పు కొంత తీర్చి, ఊరికి వచ్చేశాడు. ఇప్పుడు నాలుగు మేకలు, కొంచెం కంది. ఆయన చర్చి మానలేదు. బోరు మానేశాడు. ఈ రెండూ కలిసి జరగడమే నా దృష్టిలో పెద్ద అద్భుతం, కానీ దీన్ని మైకులో ఎవరూ చెప్పమని అడగలేదు.

కరువు పని, రొట్టె, నమ్మకం

రొట్టె పెట్టడం కూడా ప్రమాదమే అని చరిత్ర చెప్తుంది. అన్నం కోసం మతం మారారు అనే మాట మన వీపు మీద ఎప్పటి నుంచో ఉంది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ పనిలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. ఆయన చేసిన ఇంకో పని మనవాళ్లు తక్కువగా చెప్తారు. కరువు సాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నానికి, నీళ్లలో మునగడానికి ముడి పడకూడదని. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ప్రసంగాల్లో ఈ అంకె మాత్రం తప్పకుండా వినిపిస్తుంది.

ఈ అంకెకు ముందు ఏళ్ల తరబడి ఏమీ జరగలేదు. 1836లో మొదలైన ఆ మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. క్లౌ వచ్చి పంట కోశాడు. అంతకుముందు దున్నినవాళ్లు కోతను చూడలేదు. 1890లో రష్యా నుంచి మా నల్లగొండకు వచ్చిన మెనోనైట్ దంపతులు అబ్రహాం, మరియా ఫ్రీసెన్ పేర్లు మా ఎం.బి. (మెనోనైట్ బ్రెదరన్) సంఘాల్లోనే చాలామందికి తెలియవు. ఒక సంఘం తన చరిత్రను కూడా గెలిచినవాళ్ల సాక్ష్యంగానే చెప్పుకుంటే, ఓడినవాళ్లకు అందులో చోటు వెతుక్కోవడం కష్టం.

క్లౌ ఎందుకు గుర్తొచ్చాడంటే, బాప్తిస్మం ఆపి కూలి ఇచ్చిన ఆ నెలల్లో ఆయన ఫలితం అడగలేదు. మా పెద్దమ్మ కూడా అడగలేదు. నమ్మితే పడుతుంది అనలేదు, తింటే నమ్ముతావు అనలేదు. మన ప్రసంగాల్లో ధైర్యానికి ఎప్పుడూ ఒక షరతు తోకలాగా వేలాడుతుంది. నాకు ఆ తోకతోనే పేచీ.

ఒక అనుమానం మిగిలే ఉంది. షరతు తీసేస్తే, అద్భుతం ఆశ తీసేస్తే, ఇక చర్చికీ మంచి పక్కింటివాళ్లకీ తేడా ఏమిటి? పక్కింటి ముస్లిం అక్క కూడా గిన్నె తెస్తుంది కదా. తెస్తుంది, తెచ్చింది కూడా. ఇది నన్ను కొంత ఇబ్బంది పెట్టింది. కానీ చిన్నాయనను అడిగితే ఆయన చెప్పింది వేరు. గిన్నె ఎవరు తెచ్చినా కడుపు నిండుతుంది, కానీ చర్చిలో సిలువ వైపు చూసినప్పుడు, ఈయన కూడా గెలవలేదు గదా అనిపిస్తదని. మూడో రోజు తర్వాతి సంగతి, ఆ శుక్రవారం మాత్రం దేవుడే ఓడిపోయిన మనిషిలాగ ఉన్నడని. ఆయన చదువు ఏడో తరగతి. నేను చదివిన వ్యాఖ్యానాల్లో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. పునరుత్థానాన్ని నేను తక్కువ చేయడం లేదు, ఆయనా చేయడం లేదు. ఆదివారం వస్తుందని నమ్మేవాడే శుక్రవారం గురించి ఇలా మాట్లాడగలడు.

ఇంతా చెప్పి ఊరుకోవడం బాగుండదని మా సంఘ కమిటీలో ఒక ప్రతిపాదన పెట్టాను. నెలకు ఒక ఆదివారం సాక్ష్యాల సమయంలో ముగింపు రాని వాళ్లను పిలుద్దాం. పడని బోరు, రాని ఉద్యోగం, తగ్గని జబ్బు. చివర్లో ఎవరూ "దేవుడు చేస్తాడు" అని అతికించకూడదు. విని, వాళ్ల కోసం ప్రార్థించి, ఆ వారం వాళ్లింటికి ఎవరో ఒకరు గిన్నె పట్టుకెళ్లాలి. అప్పు ఉన్నవాళ్లయితే బ్యాంకుకు తోడు వెళ్లాలి, పాసుబుక్కు గొడవ ఉంటే ఎమ్మార్వో ఆఫీసుకు వెళ్లాలి. సోషల్ సార్ కూడా ఈ చివరి రెండింటికి వస్తానన్నాడు, పాట పాడమనకపోతే.

అయ్యగారు కాదనలేదు. ఒక పెద్ద మాత్రం అభ్యంతరం చెప్పాడు. అట్లయితే ఆరాధన అంతా ఏడుపు అయిపోతుంది, కొత్తగా వచ్చినోళ్లు మళ్లీ రారు అని. ఆయన భయం ఉత్తిది కాదు. పక్క ఊళ్లో కొత్త చర్చి పెద్ద స్పీకర్లు పెట్టి విజయం విజయం అంటుంటే మన యువకులు అటే పోతున్నారు. నేను బైబిల్ తీసి 88వ కీర్తన చదివాను. దేవుణ్ణి పొద్దునా రాత్రీ పిలిచిన మనిషి రాసుకున్నది, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అనే మాటతో ఆగిపోతుంది. దాని తర్వాత స్తోత్రం లేదు, ఆశీర్వాదం లేదు. అయినా దాన్ని ఎవరూ కత్తిరించలేదు, ఆరాధనలో పాడుకునే కీర్తనల్లోనే ఉంచారు అన్నాను.

పెద్దాయన తన అద్దాలు పెట్టుకొని ఇంకోసారి చదివి, పేజీ తిప్పి 89 ఎట్లా మొదలవుతుందో కూడా చూసుకున్నాడు. "సరే, పెట్టుకుందాం" అన్నాడు. "కానీ డిసెంబర్ నెలల మాత్రం వద్దు సార్, క్రిస్మస్ కానుకలు దెబ్బతింటయి."

జనవరి నుంచి మొదలుపెట్టాలని తీర్మానం రాసుకున్నాం. మొదటి ఆదివారం ఎవరు మాట్లాడతారని అడిగితే చిన్నాయన చెయ్యి ఎత్తలేదు, చిన్నమ్మ ఎత్తింది.